ఆస్పత్రి కాగితం మీది సున్నాలు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మాది రాయచోటి దగ్గర పల్లె. దయ్యం పట్టిందన్న ఆడవాళ్లను చిన్నప్పుడు మా వీధిలోనే ముగ్గురిని చూశాను. ఒకామెకు ఒంట్లో రక్తం లేదు. ఇంకొకామెకు మొగుడితో పడదు. మూడో ఆమెకు సరిగ్గా వేరుశనగ పీకే రోజుల్లోనే పూనేది, మిగతా ఏడాదంతా బాగానే ఉండేది. ఇప్పుడు నేను చెప్పబోయేది ఇంకెవరైనా చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని.

నేను ఇంటర్ దాకా చదివాను. తొమ్మిదేళ్లుగా కువైట్‌లో ఉంటున్నాను. ఫింటాస్‌లో ఒక కువైటీ పెద్దావిడను చూసుకోవడం నా పని. పనిచేసే ఇంటి యజమానురాలిని ఇక్కడ మేమంతా మామా అంటాం, మగవాళ్లను బాబా అంటాం. మా మామాకు డెబ్బై దాటాయి. గొంతు గట్టిది, మనసు మెత్తనిది, కుడిచేతికి మాత్రం వణుకు.

ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఆ చెయ్యి కదలదు. ఏదైనా పట్టుకోబోతేనే మొదలవుతుంది. గురువారం సాయంత్రాలు చుట్టాలొస్తే కాఫీ తన చేత్తోనే పోయాలని ఆమె పంతం. కప్పులు చూస్తే చిన్నవి. సగం కాఫీ కప్పులో పడేది, సగం చుట్టాల ఒళ్లో పడేది. ఒక గురువారం ఆమె ఆడబిడ్డ వస్తూనే చేతిసంచిలోంచి తువ్వాలు తీసి ఒడి నిండా పరచుకుని కూర్చుంది. ఆ పూట మామా భోజనం ముట్టలేదు. మర్నాడు కొడుకును పిలిచి, "డాక్టరు చెప్పిన ఆ మిషన్ వైద్యం చేయించు" అంది.

అందులో కత్తితో పనిలేదు. మన చెవికి అందని శబ్ద తరంగాలను తల చుట్టూ నుంచి ఒకే చోటికి పంపి, మెదడులో వణుకు పుట్టించే చిన్న చోటును ఆ వేడితో మాడుస్తారు. మత్తు ఇవ్వరు, మనిషి మెలకువగానే ఉంటుంది. ఒక విడతలో ఒక చేతికే చేస్తారు. అన్నిటికీ తలూపిన మామా, గుండు చేయాలనగానే అడ్డం తిరిగింది.

"మా ఊళ్లో ఆడవాళ్లు మొక్కుకుని మరీ గుండు చేయించుకుంటారు మామా. నేనే రెండుసార్లు ఇచ్చాను" అన్నాను.

మామా నా జడ వైపు అనుమానంగా చూసింది. "మళ్లీ వచ్చిందా?"

"వచ్చింది."

"ఇంతే వచ్చిందా?"

నాకు ఒళ్లు మండింది కానీ, మొత్తానికి ఆమె ఒప్పుకుంది. ఒక్క షరతు పెట్టింది. నేను లోపలికి రావాలి, ఆమె కాళ్ల దగ్గరే నిలబడాలి.

వైద్యం రోజు పొద్దున బయలుదేరే ముందు మామా బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుంది. బతిమాలి, బెదిరించి, ఆమె కొడుక్కి ఫోన్ చేసి బయటికి రప్పించేసరికి గంట పట్టింది. మా డ్రైవర్ ఖాదరన్న మమ్మల్ని ఆస్పత్రిలో దించి ఇంటికి వెళ్లిపోయాడు. ఆయనదీ రాయచోటే.

అక్కడ మామాకు గుండు చేసి, తలకు సూది మందిచ్చి, నాలుగు మరలతో ఒక చట్రం బిగించారు. తల చుట్టూ చల్లని నీళ్లు తిరిగే తొడుగు పెట్టారు. తర్వాత ఆమె పడుకున్న బల్లను పెద్ద గొట్టంలాంటి మిషన్‌లోకి తోశారు. నా గాజులు, కమ్మలు, ఫోన్ అన్నీ బయట పెట్టించి నన్ను లోపలికి రానిచ్చారు. నేను మామా పాదాలు పట్టుకుని నిలబడ్డాను.

తరంగాలు పంపిన ప్రతిసారీ బల్లను బయటికి లాగేవాళ్లు. ఒక మలయాళీ నర్సు అట్టకు కాగితం తగిలించి మామా కళ్ల ముందు పట్టుకునేది. కాగితం మీద నత్తగుల్లలా చుట్టలు తిరిగిన గీత అచ్చు వేసి ఉంటుంది. దాని మీద పెన్నుతో దిద్దాలి. గీత ఎంత నున్నగా వస్తే వణుకు అంత తగ్గినట్టు.

మొదటి కాగితం కోడి కెలికినట్టుంది. రెండోది కొంచెం నయం. మూడోది చూసి డాక్టరు నవ్వాడు. నాలుగోసారి మామా చెయ్యి తొణక్కుండా కదిలింది. తడుముకోవడం లేదు, ఆగడం లేదు. చూస్తుంటే నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి.

డాక్టరు మాత్రం నవ్వడం మానేశాడు. మామా చుట్టలగీతను ముట్టుకోనే లేదు. దాని కింద ఖాళీలో ఏవో సున్నాలు, కొక్కేలు వరసగా గీసింది.

"యుమ్మా, గీత మీద దిద్దండి" అన్నాడు డాక్టరు. ఇక్కడ పెద్దావిడలను అమ్మా అని అలా పిలుస్తారు.

"గీత మీదే కదా దిద్దాను!" అంది మామా.

డాక్టరు, అద్దం అవతల ఉన్న ఇంకో డాక్టరు మొహమొహాలు చూసుకున్నారు. మెదడులో ఏదో తేడా చేసిందనుకున్నారు. వైద్యం ఇక్కడితో ఆపేద్దామా అని మాట్లాడుకుంటున్నారు. సగంలో ఆపేస్తే ఈమె గుండుకు ఇంట్లో జవాబు చెప్పుకోవాల్సింది నేనే.

నర్సు అట్టను పక్కకు తిప్పింది. అప్పుడు కాగితం నాకు సరిగ్గా కనిపించింది.

అవి సున్నాలు కావు. తెలుగు అక్షరాలు. "సుబులూ గాసు ఆపినావా" అని ఉంది.

నా పేరు సుబ్బులు. నా పేరును ఒత్తు లేకుండా రాసిన మనిషి ఈ భూమి మీద ఒక్కతే, మా అత్త. ఆమెకు యాభై దాటాక అక్షరాలు దిద్దించింది నేనే. అన్నీ వచ్చాయి కానీ, బ కింద ఒత్తు పెట్టడం మాత్రం రాలేదు. ఎన్నిసార్లు చెప్పినా "నువ్వు పలుకుతాండావు గదా, ఇంగ ఒత్తెందుకు?" అనేది. ఇంట్లోకి సిలిండర్ వచ్చినప్పటి నుంచి ఆమెకు దానిదే భయం. నేను కువైట్ వచ్చాక కాగితం మీద రాసి, పక్కింటామెతో ఫోటో తీయించి పంపేది. వానల గురించి రాసినా, గేదె గురించి రాసినా, చివర గాసు ఆపినావా అని ఉండాల్సిందే. ఆమె పోయి అప్పటికి రెండేళ్లు.

నేను కేక పెట్టానట. నాకు గుర్తులేదు. బయటికి ఉరికి నా ఫోన్ తీసుకుని ఖాదరన్నకు చేశాను.

"అన్నా, వంటింట్లోకి పో! పొయ్యి చూడు!"

"ఏమైంది మ్మే? మామాకు బాగుండాదా?"

"ముందు పో అన్నా!"

చెప్పుల చప్పుడు, తలుపు చప్పుడు, దగ్గు. తర్వాత ఆయన గొంతు. "యా అల్లా! గిన్నె మాడి బొగ్గైపోయింది. పొయ్యి ఇంగా మండుతానే ఉండాది. పక్కన గుడ్డకు అప్పుడే అంటుకుంటాండె. ఆపేసినా, ఆపేసినా."

పొద్దున నేనే శనగలు ఉడకబెట్టాను. బాత్రూం గొడవలో మరిచిపోయాను.

"నీకెవురు చెప్పినారు?" అన్నాడు ఖాదరన్న.

"మా అత్త."

"మీ అత్త సచ్చిపోయిందని నెల సెలవు పెట్టి పోయొచ్చినావు గదా? అది అబద్ధమా?"

నేను లోపలికి వెళ్లేసరికి డాక్టరు మామాతో వేళ్లు లెక్కపెట్టిస్తున్నాడు. ఇది మా భాష సార్, ఈమె చేతికేం కాలేదు అని వచ్చిన అరబ్బీలో చెప్పాను. ఆయన నమ్మలేదు. మలయాళీ నర్సు కాగితాన్ని దగ్గరికి తెచ్చుకుని చూసి, "ఇవి అక్షరాలే డాక్టర్. మావి కావు కానీ, మావాటి చుట్టాలే" అంది. అప్పుడు ఆయన ఇంకో కాగితం పెట్టించాడు. మామా గీత మీదే నున్నగా దిద్దింది. వైద్యం పూర్తిచేశారు.

అసలు తంటా ఇంటికొచ్చాక మొదలైంది. ఖాదరన్న అప్పటికే మామా కొడుక్కి చెప్పేశాడు. గిన్నె సంగతి ఆయన అడగలేదు. "మీ అత్త బతికే ఉందటగా?" అన్నాడు. లేదు బాబా, చనిపోయింది అన్నాను. చనిపోయిన మనిషి గ్యాస్ సంగతి ఎలా చెప్తుందన్నాడు. అదే నాకూ తెలియడం లేదన్నాను. చచ్చిందంటే రాత నమ్మరు, రాసిందంటే చావు నమ్మరు. చివరికి ఊరికి ఫోన్ చేసి మా అత్త మరణ ధ్రువపత్రం ఫోటో తెప్పించి చూపిస్తే గానీ నా ఉద్యోగం నిలవలేదు.

పొయ్యి మరిచిపోయిన సంగతి నా మనసు మూలలో మెదులుతూ ఉండి, నాలుగు సున్నాలు చూడగానే అత్త రాతలా కనిపించిందని మా ఆయన అంటాడు. నేనూ అలాగే సర్దుకుందామనుకున్నాను. కానీ మలయాళీ నర్సు ఇంట్లో శనగలు మాడటం లేదు కదా, ఆమెకు అక్షరాలు ఎందుకు కనిపించాయి? ఒక సాయంత్రం మామా చేతికి పెన్నిచ్చి తెలుగులో నా పేరు రాయమని, ముందు నేను రాసి చూపించాను. పెన్ను జారలేదు, చెయ్యి వణకలేదు. అయినా అరగంట కుస్తీపట్టి ఆమె దించిన మొదటి అక్షరం బోర్లాపడ్డ కప్పలా ఉంది.

ఇప్పుడు గురువారాల్లో ఆమె కాఫీ పోస్తే చుక్క కింద పడదు. ఆడబిడ్డ కప్పును మాత్రం నిండుగా నింపి, ఆమె కళ్లల్లోకి చూస్తుంది.

ఆ రోజు ఆ కాగితం మీద రాసిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసని చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే వింటాను. మామాకు మాత్రం ఇందులో వింతేమీ కనిపించలేదు, కోపం వచ్చిందంతే. అడక్కుండా తన చెయ్యి వాడుకోవడం ఏం మర్యాద అంటుంది. వచ్చే ఏడాది ఎడమచేతికి కూడా చేయిద్దామని కొడుకు అన్నప్పుడు ఆమె నా వైపు తిరిగింది.

"ఈసారి నువ్వు బయటే కూర్చో. మీ వాళ్లలో ఇంకా ఎంతమంది పోయారో నాకేం తెలుసు?"