అరువు కోటు

మా ఎదురింటి అంకుల్ పోయారు. పొద్దున్నే వాళ్ళబ్బాయి తలుపు తట్టి, "అక్కా, నాన్న స్లీప్‌లోనే పోయారు. అమ్మ దగ్గర కాస్త కూర్చుంటారా?" అన్నాడు. వెళ్ళి కూర్చున్నాను.

అంకుల్ ఇక్కడి కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. పుంగ్గోల్ పేటలో వాళ్ళ ఫ్లాట్ హాలు గోడ నిండా నల్లగీతల బొమ్మలే. ఎప్పటివో యూరప్ పండితులవి, రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అచ్చు తీసినవి. నేను ఏడో తరగతితో ఆపేసినదాన్ని. ఆ గోడ ముందు కూర్చోవాలన్నా మొదట్లో బెదురే. ఎంతవరకు చదివావని అంకుల్ ఒక్కసారీ అడగలేదు. బొమ్మలు చూపించి చెప్పేవారు.

"మొహం తర్వాత చూద్దువుగాని. ముందు బట్టలు చూడమ్మాయ్. ఆ బొచ్చు కాలరు, ఆ లేసు, వేలు పెట్టి మూసిన పుస్తకం. నేనెవరనుకున్నావ్ అని చెప్పడానికే ఇదంతా."

"మరి చదువెక్కడ కనిపిస్తుంది అంకుల్?"

"అది బొమ్మలో పడదు. అందుకే ఇన్ని తిప్పలు."

వంటింట్లోంచి ఆంటీ అందుకునేవారు. "ఆ తాతలందరికీ దుమ్ము దులిపేది నేను. ఒక్క పండితుడూ థాంక్స్ చెప్పడు."

ఒకసారి అంకుల్ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించారు. కోటు అదే, చెయ్యి అదే, తలలే వేరు. పాత రేకు మీద తల గీకేసి వేరొకరి తల చెక్కేవారట. "అరువు ఒళ్ళు!" అని నవ్వారు.

అంకుల్ పోయిన సాయంత్రం మా బ్లాక్ కింద, గోడల్లేకుండా ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్‌లో కుర్చీలు వేశారు. ఫ్రేము కట్టిన ఫొటో వచ్చింది. ఇక్కడి ఫొటోవాళ్ళ అలవాటు ప్రకారం అంకుల్ మొహానికి కంప్యూటర్లో నల్లకోటు, టై తగిలించారు. ఎవరివో వెడల్పాటి భుజాలు. అంకుల్ కోటు వేసుకోగా నేనెన్నడూ చూడలేదు. పక్క బ్లాక్ చైనా ఆవిడ, "వెరీ స్మార్ట్ లా!" అంది. అబ్బాయి దండ అందుకున్నాడు.

నలుగురిలో నోరు తెరిచే అలవాటు నాకు లేదు. కానీ ఆ ఒంటితోనే ఆయన్ని సాగనంపుతారేమోనని భయమేసింది.

"తమ్ముడూ, తల ఒక్కటే అంకుల్‌ది," అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. "డిగ్నిఫైడ్‌గా ఉంటుందనే కదా అక్కా," అన్నాడతను, చిన్నబోయి.

ఆంటీ ఫొటో ఒళ్ళో పెట్టుకుని చూశారు. "ఈ కోటాయన ఎవరోగానీ, మా ఇంట్లో ఎప్పుడూ లేడురా."

అసలు ఫొటో అతని ఫోన్‌లోనే ఉంది. పరుగున వెళ్ళి వేరే ప్రింటు తీయించుకొచ్చాడు. అందులో అంకుల్ గళ్ళ చొక్కాలో ఉన్నారు. పై గుండీ ఊడినచోట పిన్నీసు ఉంది. ఆంటీ దండ వేశారు. ఒక్క క్షణం ఆగి, పిన్నీసు కనబడేలా పూలను కాస్త పక్కకి జరిపారు.