మా గుమ్మానికి అడ్డొచ్చిన హెలికాప్టర్

నర్సీపట్నం బజారులో బెల్లం దిమ్మల మీద కప్పిన టార్పాలిన్ ఎండకు కాగి వాసన కొడితే, ఇప్పటికీ నా కాళ్లు బిగుసుకుపోతాయి. కోపమూ వస్తుంది.

ఆ ఏడు వానలకు హైవే మీద నీళ్లు పారి, యలమంచిలి మీదుగా పోవలసిన బళ్లన్నీ మా ఊరికి మళ్లాయి. అలా దారి తప్పి ఓ పొద్దున మా సందులో దూరిందొక పొడవాటి ట్రైలర్. దాని మీద టార్పాలిన్ కప్పి తాళ్లతో బిగించిన పెద్ద ఆకారం, వెనక జీపులో సైనికులు. లోపల ఏముందంటే ఎవరూ నోరు విప్పరు. ఏజెన్సీ కొండల్లో కొత్త గుడికి వెళ్తున్న అమ్మవారేనని సందంతా తీర్మానించేసి, చక్రాలకు పసుపు పూసి, కొబ్బరికాయలు కొట్టి, వడపప్పు పంచిపెట్టింది. పోనుపోను ఇరుకయ్యే ఆ సందులో ట్రైలర్ సరిగ్గా మా గుమ్మానికి ఆనుకుని ఆగిపోయింది. డ్రైవర్ వెనక్కి తీయబోతే మా తాతే అడ్డం నిలబడ్డాడు.

"అమ్మోరి ఊరేగింపు ఎనక్కి నడుత్తాదేటి బాబూ? ఊరికి అరిష్టం."

మాది వెనక వాకిలి లేని ఇల్లు, కిటికీలకు ఇనప ఊచలు. అమ్మా నేనూ లోపల చిక్కుకుపోయాం. ఆ పూట కాలేజీ గ్రౌండులో ఆడపిల్లల పరుగుపందెం. గొలుగొండ ఊరి పిల్లను ఓడిస్తానని ఏడాదంతా చెప్పుకు తిరిగి, పిక్కలకు కొబ్బరినూనె రాసుకుని సిద్ధంగా ఉన్నదాన్ని. మైకులో నా పేరు పిలిచారు. మళ్లీ పిలిచారు.

"తాతా, బేగి తియ్యమను" అని ఊచలు పట్టుకుని అరిచాను.

"అమ్మోరికంటే నీ పరుగెక్కువేటే?" అన్నాడు తాత. సందంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. ఆ నవ్వుల మధ్యే గ్రౌండులో ఈల మోగింది.

మధ్యాహ్నానికి విసిగిపోయిన తెలుగు ఆఫీసరొకాయన టార్పాలిన్ అంచు ఎత్తి చూపించాడు. రెక్కల్లేని ఇనప ఒళ్లు, వరసగా రివెట్లు.

"తాతగారూ, ఇది కొత్తగా తయారుచేస్తున్న మిలటరీ హెలికాప్టరండీ. దీన్ని ఎగరెయ్యం. ఎంత బలానికి తట్టుకుంటుందో చూడ్డానికి విరిగేదాకా లాగుతాం."

తాత కండువా దులుపుకున్నాడు. "ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదండీ."

ట్రైలర్ వెనక్కి కదిలింది. నేను గ్రౌండుకు చేరేసరికి సున్నపు గీతలు చెరిగిపోయాయి, గొలుగొండ పిల్ల కప్పు చంకన పెట్టుకుని బస్సెక్కుతోంది. తాత పోయేదాకా అడుగుతూనే ఉన్నాను. తప్పని ఒప్పుకోలేదు. "నిజంగా అమ్మోరైతేనో?" అనేవాడు.

ఇప్పుడు మా సందు వెడల్పయింది. అరుగులు పోయాయి, ఊచల కిటికీలు పోయాయి, తాత పోయాడు. అప్పుడప్పుడు కొండల మీదుగా హెలికాప్టర్ వెళ్తుంటే పిల్లలు చేతులూపుతారు. నేను ఊపను. ఆనాటి దాని బలమెంతో ఎక్కడో చూసే ఉంటారు. నా పరుగెంతో మాత్రం ఎవరూ చూడలేదు.