మథుర దాటని రాత్రులు

పోయిన మంగళవారం లిఫ్టులో మా పై అంతస్తు అమ్మాయి కలిసింది. హైదరాబాదు పిల్ల, గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కళ్ళ కింద నల్లటి చారలు. ఆమె నాలుగేళ్ళ కొడుకు రాత్రి పదకొండు దాటినా నిద్రపోడు. ఆ సంగతి ఆమె నాకు చెప్పక్కర్లేదు, వాడు పరుగులు పెట్టేది నా నెత్తిమీదే. ఫోను తీసి చూపించింది. వాడు ఏ రోజు ఎన్నింటికి పక్క ఎక్కాడో, ఎన్నింటికి కళ్ళు మూశాడో, మధ్యలో ఎన్నిసార్లు లేచాడో అన్నీ అందులో రంగురంగుల గీతలుగా ఉన్నాయి. "చూడండి ఆంటీ, మొన్న పన్నెండు, నిన్న పదకొండు నలభై. కొంచెం తగ్గుతున్నది గదా?" అంది ఆశగా. "రాయడం మానెయ్యమ్మా," అన్నాను. ఆ అమ్మాయి నా వంక వింతగా చూసి నవ్వింది. "మీరంటరా ఆ మాట? నీళ్ళ ట్యాంకర్ ఎన్నింటికొచ్చిందో గూడ రాస్తరు గదా మీరు!" నిజమే. ఢిల్లీ ద్వారకలో ఈ సొసైటీకి వచ్చిన నాటి నుంచి ట్యాంకరు వచ్చిన వేళలు, లిఫ్టు చెడిపోయిన రోజులు, అన్నీ నా దగ్గర ఉన్నాయి. ఎందుకలా అన్నానో చెప్పేలోపు నా అంతస్తు వచ్చింది, దిగిపోయాను. లిఫ్టులో చెప్పగలిగినంత చిన్న సంగతి కూడా కాదు అది.

1995లో నేనూ మా తమ్ముడూ ఇద్దరం ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులం. మేముండేది ఆర్.కె.పురంలో రెండు గదుల క్వార్టరు. ఆ జూలైలో మా తమ్ముడికి గువాహటి బదిలీ అయింది. వాళ్ళకి ఒక్కతే కూతురు. జూన్‌లో ఏడు నిండాయి, రెండో తరగతి. బడి మధ్యలో మార్పిస్తే ఏడాది పోతుందనీ, పరీక్షలయ్యేదాకా పిల్లని మా దగ్గర ఉంచి వెళ్ళమనీ చెప్పింది నేనే. మా తమ్ముడి భార్య రెండు రోజులు ఒప్పుకోలేదు. "అది నేను పక్కన లేకపోతే పడుకోదు వదినా," అంది. "పది రోజులు పడుతుంది, అంతే. అదే అలవాటు పడుతుంది," అన్నాను. మాకు పిల్లలు లేరు. ఆ మాట ఒకసారి చెప్పి వదిలేస్తాను. పిల్లలు లేనివాళ్ళకి పిల్లల పెంపకం గురించి ఎంత ధైర్యం ఉంటుందో తెలియడానికి మాత్రమే చెప్పాను.

జూలై తొమ్మిది ఆదివారం వాళ్ళు రైలెక్కారు. పిల్ల ఏడవలేదు, చెయ్యి ఊపింది. ఇంటికి వచ్చి అన్నం తింది, లెక్కలు చేసుకుంది. రాత్రి పడుకోబెట్టి దీపం ఆర్పిన అరగంటకి ముందు గదిలోంచి, "అత్తా, నీంద్ నహీఁ ఆ రహీ," అని నిద్ర రావట్లేదన్న పిలుపు వినిపించింది. పదింటికి మళ్ళీ. పదకొండింటికి మళ్ళీ. పది రోజులు గడిచాయి, ఇరవై గడిచాయి. పాలల్లో పసుపు వేసి ఇచ్చాను. అరికాళ్ళకి ఆముదం రాశాను. ఎదురింటి పంజాబీ ఆవిడ దిష్టి అంటే ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశాను. దానికి దగ్గొచ్చి ఇంకో గంట మేలుకుంది. డిస్పెన్సరీ డాక్టరు పెందలాడే భోజనం పెట్టమన్నాడు, పెట్టాను. చివరికి ఒకరోజు పిల్లే చెప్పింది, "మమ్మీ అయితే కహానీ చెప్తుంది. నేను ఊఁ కొడతాను. అప్పుడు వచ్చేస్తుంది."

నాకు కథలు రావు. రాజులూ రాక్షసులూ నా నోట్లోకి వచ్చేసరికి సంజాయిషీ ఇచ్చుకునే గుమాస్తాల్లా తయారవుతారు. నాకు వచ్చిందల్లా రైళ్ళు. మా ఆఫీసులో ఉద్యోగుల ప్రయాణాల బిల్లులు సరిచూడటం నా పని. దేశంలోని రైళ్ళన్నీ ఉన్న లావుపాటి టైంటేబులు పుస్తకం పదమూడేళ్ళుగా నా బల్లమీదే ఉండేది. అందుకని ఢిల్లీలో బండి ఎక్కించి మా ఏలూరు దాకా తీసుకువెళ్ళడం మొదలుపెట్టాను. ఫరీదాబాదు వచ్చింది. ఊఁ. మథుర వచ్చింది, రెండు నిమిషాలు ఆగింది. ఊఁ. ఆగ్రా, గ్వాలియర్, ఝాన్సీ, భోపాల్, ఇటార్సీ, నాగపూర్. ఏ స్టేషనులో ఎంతసేపు ఆగుతుందో, ఏ నది దాటుతుందో, ఎక్కడ ఇంజనుకి నీళ్ళు... కాదు, ఆ రోజులకి నీళ్ళు పట్టడం పోయింది, అదీ చెప్పాను. పక్కగదిలోంచి మా ఆయన, "ఏమేవ్, అది కథా, టూర్ ప్రోగ్రామా? నాగపూర్‌లో కమలాపళ్ళైనా కొనిపెట్టవే పిల్లకి!" అనేవారు. అన్నంతసేపే, ఆ తర్వాత గురక. ఆయన ఏ రోజూ ఫరీదాబాదు దాటి ఎరగరు.

రెండో రాత్రో మూడో రాత్రో పిల్ల అడిగింది. "అత్తా, ఈ ట్రైన్ మమ్మీ దగ్గరికి వెళ్తుందా?" నేను తప్పు చెప్పేదాన్ని కాదు. "వెళ్ళదు. ఇది దక్షిణానికి పోయే లైను. గువాహటి తూర్పు. అది వేరే బండి," అన్నాను. "అచ్ఛా," అంది. దిండు సర్దుకుని, "ఠీక్ హై, నువ్వు చెప్పు," అంది. భోపాల్ వచ్చిందన్నాను. ఊఁ అంది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

అప్పటినుంచే రాయడం మొదలుపెట్టాను. ఒక నోటుపుస్తకంలో మూడు గడులు గీశాను. తేదీ, దీపం ఆర్పిన వేళ, ఆఖరి ఊఁ వినిపించిన స్టేషను. ఊకొట్టడం ఆగితే నిద్రపోయినట్టు, అది మా అమ్మమ్మల నాటి లెక్క. మొదట్లో రోజూ నాగపూరే. అంటే పదకొండుంపావు. పొద్దున్న ఎనిమిదింటికల్లా నాకు ఆఫీసు బస్సు ఉండేది. ఆ లోపల వంట, డబ్బాలు, పిల్ల జడలు. సెప్టెంబరు ఆఖర్న ఒక ఆదివారం నుంచి బండి నాగపూర్ చేరడం మానేసింది. ఇటార్సీలోనే ఊఁ ఆగింది. వారానికి భోపాల్, ఇంకో వారానికి ఝాన్సీ. దీపావళి వెళ్ళేసరికి గ్వాలియర్. డిసెంబరులో మథుర, తొమ్మిదీ ఇరవై. నేను ఆ పుస్తకం ఆఫీసుకు తీసుకువెళ్ళి మా సెక్షనులో పిల్లలున్న ఆడవాళ్ళకి చూపించాను. గువాహటికి ఉత్తరం రాశాను. పది రోజులన్నది అయిదు నెలలయింది కానీ, మాట నెగ్గిందని.

జనవరి పదహారు దాటిన రాత్రి, ఒంటిగంటా పదిహేను నిమిషాలకి మంచినీళ్ళకని లేచాను. కిటికీ అద్దాల నిండా పొగమంచు. ముందు గదిలో రజాయి దుప్పటి లోపలినుంచి గుసగుస వినిపించింది. "గాజియాబాద్. ఊఁ. అలీగఢ్. ఊఁ. కాన్‌పూర్. ఊఁ." అక్కడ ఆగింది. మళ్ళీ మొదటినుంచి, "గాజియాబాద్. ఊఁ. అలీగఢ్. ఊఁ." చెప్పేదీ అదే, ఊకొట్టేదీ అదే. నేను చీకట్లో నిలబడి అయిదారుసార్లు విన్నాను. కాన్‌పూర్ దాటడం లేదు. ఆ పేర్లు మా ఆయన చెప్పారని తర్వాత తెలిసింది. తూర్పు బండి ఎటు పోతుందని పిల్ల ఆయన్ని అడిగిందట. ఆయన ఆఫీసు పనిమీద వెళ్ళింది అంతవరకే, ఆయనకు తెలిసిందీ అంతవరకే.

లైటు వేశాను. పిల్ల గబుక్కున కళ్ళు మూసుకుంది.

"మథురలోనే ఊఁ ఆపేశావు కదే? తొమ్మిదీ ఇరవై అని రాసుకున్నాను నేను."

కళ్ళు మూసుకునే జవాబిచ్చింది. "నీకు పొద్దున బస్ ఉంది కదా అత్తా. రోజూ నాగ్‌పూర్ దాకా వెళ్తే తల పగిలిపోతోందని మామయ్యతో అన్నావు. మైనే సునా థా."

"ఎప్పటినుంచి ఇలా?"

"నవరాత్రి సే పహలే, దసరాకి ముందునుంచి. కొంచెం కొంచెం తగ్గించాను. ఏక్ దమ్ తగ్గిస్తే నువ్వు నమ్మవు కదా."

ఏడేళ్ళ పిల్ల నేను నడుం వాల్చడానికి వేళ చూసి బండి ఆపింది. తన మేలుకువంతా రజాయి కింద దాచుకుంది. ఆ రాత్రి నాకు తట్టవలసిన సంగతి అది. తట్టింది వేరు. సెప్టెంబరు ఇరవైనాలుగు నుంచి నూట పదిహేను నమోదులు తప్పు అని తట్టింది. లేని ప్రయాణం చేసినట్టు బిల్లు పెట్టినవాళ్ళని ఆఫీసులో నిలబెట్టి అడిగే గొంతు ఒకటి నాకుండేది. ఆ గొంతుతోనే, "అంటే ఇన్నాళ్ళూ నాతో అబద్ధమాడావన్నమాట," అన్నాను. "ఇంక బండీ లేదు, ఏమీ లేదు. పడుకో." లైటు ఆర్పేశాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. మర్నాడు సాయంత్రం దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పేజీలన్నిటి మీదా ఎర్రసిరాతో అడ్డంగా గీతలు కొట్టాను. అంచున "సరి కాదు" అని రాసి పొట్టి సంతకం పెట్టాను. గీత వంకరపోతుంటే పిల్ల లేచి వెళ్ళి బడిసంచిలోంచి తన స్కేలు తెచ్చి ఇచ్చింది. మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. "దాని పక్కలో ఒక్కరోజు పడుకోవే. ఇంత పుస్తకం ఎందుకు?" అన్నారు. "మీరు ముద్దుచేసి చెడగొట్టకండి," అన్నాను. ఆయన గొడవపడే మనిషి కాదు. పడి ఉంటే బాగుండేదని ఆయన పోయాక చాలాసార్లు అనుకున్నాను.

ఆ తర్వాత రాత్రి కథ లేదు. పిల్ల పొద్దున్నే బడికి బయలుదేరేముందు టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుంటూ అడగకుండానే చెప్పేది. "అత్తా, పన్నెండూ పది." "అత్తా, సాఢే గ్యారహ్," అంటే పదకొండున్నర. గోడగడియారం ముల్లు చీకట్లో కూడా పోల్చుకోవడం నేర్చుకుంది. గడియారం చూడటం బాగా వచ్చిందని నేను మెచ్చుకున్నాను కూడా. ఎనభై ఎనిమిది రాత్రులు అలా రాశాను. అన్నీ నిజాలే. పదకొండుకు ముందు ఒక్కటీ లేదు.

ఏప్రిల్ మొదటి వారంలో ఎవరిదో గువాహటి ప్రయాణపు బిల్లు నా బల్లమీదికి వచ్చింది. సరిచూడటానికి టైంటేబులులో ఆ పేజీ తీశాను. కాన్‌పూర్ తర్వాత అలహాబాద్, మొఘల్‌సరాయ్, పట్నా, కటిహార్, న్యూ జల్‌పాయిగురి, గువాహటి. పెద్ద ఊళ్ళ పేర్లన్నీ ఒక పోస్టుకార్డు మీద పడతాయి. తొమ్మిది నెలలుగా అది నా మోచేతి కిందే ఉంది. ఆ రోజు ఇంటికి వెళ్ళి చెప్పవచ్చు, ఇంకా పది రాత్రులు మిగిలి ఉన్నాయి. ఇంక ఎంతలో, పది రోజుల్లో తనే ఆ ఊళ్ళన్నీ చూసుకుంటూ వెళుతుంది కదా అనుకుని పుస్తకం మూసేశాను.

ఏప్రిల్ పద్నాలుగున మా తమ్ముడు వచ్చి తీసుకువెళ్ళాడు. మే నెలలో అతని భార్య ఉత్తరం రాసింది. "వదినా, ఇక్కడ దిగిన రాత్రి నుంచీ ఎనిమిదిన్నరకల్లా నా పక్కలో నిద్రపోతోంది. మీరు ఎంత చక్కగా అలవాటు చేశారో! మీ రుణం తీర్చుకోలేం." ఆ ఉత్తరం మా ఆయనకి పైకి చదివి వినిపించాను. ఢిల్లీలో ఎండలు ముదిరాయనీ, పిల్ల బుద్ధిమంతురాలనీ జవాబు రాశాను. అలవాటు చేసింది నేను కాదని రాయలేదు. ఎర్రసిరా సీసా బల్లమీదే ఉంది.

ఇప్పుడు ఆ పిల్ల పుణేలో ఉంటుంది. నెలకి రెండుసార్లు ఫోను చేసి మందులు వేసుకున్నావా అత్తా అని అడుగుతుంది. రాత్రి పది దాటాక మాత్రం ఎన్నడూ చెయ్యదు, నా నిద్ర చెడుతుందని. ఆ రాత్రుల సంగతి దానికి గుర్తుందో లేదో నేను అడగలేదు. గుర్తు లేదంటే నమ్మాలో లేదో నాకు తెలియదు. ఏడేళ్ళ వయసు ఎవరికైనా ఒక్క ఏడాదే ఉంటుంది. దానికున్న ఆ ఒక్క ఏడాదిలో రెండు వందల ఎనభై రాత్రులు నా ఇంట్లోనే గడిచిపోయాయి.