మౌస్ ముట్టని రామ్మూర్తి గారు

మా రామ్మూర్తి గారు మౌస్ ముట్టుకోరు. కంప్యూటరుకి ఏం చెప్పాలన్నా నల్లటి తెర తెరిచి, టైపు చేసే చెబుతారు. అంతటితో ఆగితే ఫర్వాలేదు. టైపు చేసే ప్రతి అక్షరాన్నీ గొంతెత్తి చదువుతారు.

అమలాపురంలో మా ఆసుపత్రి నెట్‌వర్క్ చూసేది ఆయనే. అదే గదిలో రికార్డులు రాసే గుమస్తాని నేను. ఆసుపత్రికి కొత్త కంప్యూటరేది వచ్చినా దానికో ఎడ్రస్ ఇవ్వాలి. లేకపోతే అదెక్కడుందో మిగతావాటికి తెలియదు. ఆ ఎడ్రస్ ఇవ్వడం పురోహితుడు సంకల్పం చెప్పినట్టుండేది. "ఐపీ, స్పేస్, ఎడ్రస్, స్పేస్, యాడ్, స్పేస్, వన్ నైన్ టూ, డాట్, వన్ సిక్స్ ఎయిట్, డాట్..." చివర్న "ఎంటర్" అనేసరికి వరండాలో కునుకు తీస్తున్న రోగులు లేచి కూర్చునేవారు.

కూరగాయల చీటీ కూడా "వంకాయలు, స్పేస్, అరకిలో, డాట్" అని చదువుతున్నారని వాళ్లావిడ వెంకటదుర్గ గారు వాపోయేవారు. నాలుగు నొక్కులతో అయిపోయేదానికి ఈ పారాయణమేమిటని మా మేనేజరు హరిబాబు గారు రెండుసార్లు మందలించారు. ఈయన ఆయ్ అని తలూపి, మర్నాడు ఇంకాస్త గట్టిగా చదివారు. నేను చెవుల్లో దూది పెట్టుకున్న రోజులున్నాయి.

కిందటి శ్రావణంలో రామ్మూర్తి గారు మేనకోడలి పెళ్లికి నర్సాపురం వెళ్లారు. ఆ రాత్రి ఇక్కడ పిడుగు పడి మా సర్వర్‌లో నెట్‌వర్క్ కార్డు కాలిపోయింది. పొద్దున్నే మెకానిక్ వచ్చి కొత్త కార్డు బిగించి వెళ్లాడు. సర్వర్ లేచింది గానీ మిగతా కంప్యూటర్లకు కనబడలేదు. అవతల గాయత్రి అనే నిండు గర్భిణికి ఆపరేషన్ చెయ్యాలి. ఏ మందు ఆమెకు పడదో రాసిన రికార్డు ఆ సర్వర్‌లో ఉంది. డాక్టరు గారు థియేటరు గుమ్మంలో నిలబడ్డారు.

హరిబాబు గారు చెమటలు కక్కుతూ ఫోను చేశారు. స్పీకరులోంచి రామ్మూర్తి గారి గొంతు వినబడింది. "నేను పంటు మీద గోదారి దాటి వచ్చేసరికి రెండు గంటలవుద్దండి. స్టెల్లా గారిని కూర్చోబెట్టండి."

స్టెల్లా మా టెలిఫోన్ ఆపరేటరు. ఓడలరేవు అమ్మాయి. పుట్టుకతోనే చూపు లేదు. నెలాఖరుకి ఫోన్లు ఎత్తే మిషను వస్తోందనీ, ఆమె ఉద్యోగం పోతుందనీ అందరికీ తెలుసు.

"ఆవిడకి కనపడదు కదండీ," అన్నారు హరిబాబు గారు.

"మీకు కనపడుద్ది కదండీ. మీరు చదవండి, ఆవిడ చేస్తారు."

స్టెల్లా వచ్చి కూర్చుంది. చదివే పని నా మీద పడింది. ఆమె ఏదో టైపు చేసి, "ఏం వచ్చిందో చెప్పండి గణపతి గారూ," అంది. తెర మీదున్నదంతా చదివాను. మధ్యలో ఆపింది.

"కార్డు పేరు మళ్లీ చెప్పండి."

"ఈ, ఎన్, పీ, త్రీ, ఎస్, జీరో."

"పాతదాని పేరు ఈ టీ హెచ్ జీరో అండి. కొత్త కార్డు వేరే పేరుతో వచ్చింది. ఎడ్రసేమో పాత పేరు మీదే ఉండిపోయింది."

ఆ తర్వాత ఆమె గొంతెత్తి, ఒక్కో అక్షరం చదువుతూ టైపు చేసింది. రామ్మూర్తి గారే అక్కడ కూర్చున్నట్టుంది. ఆమె ఎంటర్ అన్న మరుక్షణం థియేటరు దగ్గరి నర్సు రికార్డు వచ్చిందని కబురు చేసింది. డాక్టరు గారు అది చదివి, మత్తుమందు మార్పించి లోపలికి వెళ్లారు. ముప్పావుగంటకి ఆడపిల్ల పుట్టింది.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. మా గదికీ ఆమె సీటుకీ మధ్య ఉన్నది పల్చటి చెక్క పార్టిషను. ఫోను మిషను మాట రెండేళ్ల కిందట మొదటిసారి వచ్చినప్పుడే, ఈ పని నేర్పుతారా అని ఆమె రామ్మూర్తి గారిని అడిగిందట. "మౌస్ ఎక్కడ నొక్కాలో మాటల్లో చెప్పలేనమ్మా. టైపు చేసేదయితే చెప్పగలను," అన్నారట ఆయన. ఆ రోజు నుంచీ మౌస్ వదిలేశారు. ఆయన చదివింది గుర్తు పెట్టుకుని, భోజనాల వేళ తన మాట్లాడే కంప్యూటరు మీద ఆమె సాధన చేసేదట. నాకు చాలా సిగ్గేసింది.

అన్నట్టే రెండు గంటల్లో రామ్మూర్తి గారు పట్టుపంచెతోనే వచ్చి తెర ముందు నిలబడ్డారు.

"సర్వర్ ఆపి మళ్లీ వేస్తే ఈ ఎడ్రస్ పోద్ది కదమ్మా. ఫైల్లో కూడా రాసేవా?"

"రాసేనండి. ఆపరేషన్ అయ్యేక ఓసారి ఆపి, వేసి కూడా చూసేను."

ఎక్కడైనా తప్పుందేమోనని ఆయన అంతా వెతికారు. దొరకలేదు. వచ్చే నెల నుంచి స్టెల్లా ఈ గదిలోనే పని చేస్తుందని హరిబాబు గారు అక్కడికక్కడే చెప్పేశారు.

రామ్మూర్తి గారి మొహం వెలిగిపోయింది. వాచ్‌మన్‌కి చెప్పారు, క్యాంటీన్‌లో చెప్పారు. మళ్లీ పెళ్లికి బయల్దేరుతూ, గేటు దగ్గర ఆటో ఎక్కి డ్రైవరుకీ చెప్పారు.

"పెళ్లి మధ్యలో వదిలేసి వచ్చేనండి. తీరా చూస్తే ఇక్కడ నాతో పనే లేదంట."

డ్రైవరు ఆయన పట్టుపంచె వంకా, నవ్వు మొహం వంకా జాలిగా చూశాడు.

"బాధపడకండి బాబూ. మీలాంటోరికి ఇంకో చోట పని దొరక్కపోద్దా," అని ఓదార్చాడు.