చక్కెర పరీక్షకు మా అవ్వ ఉంచిన ఒక్కపొద్దు

నా భార్యకు తొలి కాన్పు ధర్మవరంలో, పుట్టింట్లో అయింది. బిడ్డ పదకొండు పౌన్లు. పుట్టగానే తానే లేచి తలుపు తీసుకుని బయటికొచ్చాడని నేను చెబితే మీరు నమ్మనక్కర్లేదు. కానీ వాణ్ణి కనడానికి ఆమె రెండు రోజులు పడ్డ బాధ నిజం. మంత్రసాని ఆశ వదులుకున్నదీ నిజం.

అందుకే రెండోసారి ఏడో నెల రాగానే పెనుకొండ నుంచి హిందూపురం లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. అరవైల నాటి మాట. మూత్రంలో చక్కెర కనబడింది.

"కడుపుతో ఉన్నప్పుడు మూత్రాన్ని నమ్మలేం. నెత్తురు చూడాలి. వచ్చే వారం పరగడుపున రండి" అందావిడ. చక్కెర జబ్బే అయితే ఈ బిడ్డా అంతే పెరుగుతుందని, ఈసారి తల్లీబిడ్డలిద్దరికీ గండమని కూడా చెప్పింది.

మా ఇంట్లో పరగడుపు శాఖకు మంత్రి మా అవ్వ. ఆమె జన్మలో ఉన్న ఒక్కపొద్దుల్ని వరసగా పేరిస్తే పెనుకొండ కోటను మూడు చుట్లు చుట్టొస్తాయి. పరీక్ష రోజు నా భార్యను మెతుకు ముట్టనివ్వకుండా కాపలా కాసి, మాతోపాటు తానూ రైలెక్కింది.

ఆస్పత్రిలో ముందొకసారి నెత్తురు తీశారు. ఆ సూది మా బావి తవ్విన గడపార కన్నా కాస్త సన్నం. తర్వాత గ్లూకోజు నీళ్లు తాగించారు. హిందూపురం బెల్లం మండీలన్నీ ఒకే లోటాలో కరిగించినంత తీపి. ఆపైన గంట గంటకూ మళ్లీ గడపార.

మధ్యాహ్నానికి డాక్టరమ్మ కాగితం చూసి ముఖం ముడుచుకుంది. "పరగడుపునే ఇంత ఉంది. ఆస్పత్రిలో చేరాలి. రోజూ సూదిమందు వేయాలి."

నా భార్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అవ్వకు మాత్రం కోపమొచ్చింది.

"ఏమమ్మా, నిష్ఠగా ఒక్కపొద్దుండే బిడ్డకు చక్కెర యాడిది? పొద్దున్నే చెంబెడు పాలు, రెండు అరటిపండ్లు, ఇంత బెల్లం. అంతే కదా నేను పెట్టిండేది."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "తిన్నావా అంటే లేదన్నావే?" అని నా భార్యనడిగింది.

"పాలూ పండూ తిండి కాదు కదా మేడమ్."

మా ఇంట్లో ఏకాదశికి అదే చట్టం. పక్కనుండి చూసిన నాకూ తప్పని తోచలేదు.

"మీ ఒక్కపొద్దును దేవుడు ఒప్పుకుంటాడవ్వా. మా మిషను ఒప్పుకోదు. వచ్చే వారం నీళ్లు తప్ప ఏమీ వద్దు."

రెండోసారి అవ్వ తనకు నీళ్లు కూడా వద్దంది. రైల్లో శనక్కాయలమ్మేవాణ్ణి మా పెట్టెలోకి అడుగుపెట్టనివ్వలేదు. "ఏమప్పా, ఆడికి పో. నీ గంప వాసనకే చక్కెర ఎక్కేట్టుండాది."

ఈసారి పరగడుపు నెత్తురు మంచిదే. గ్లూకోజు తాగాక ఎక్కిన చక్కెర మాత్రం దిగడానికి బద్ధకించింది. జబ్బు ఉంది గానీ కొద్దిగానే అని, సూది అక్కర్లేదని, తిండి కొలిచి తినాలని, కాన్పు ఆస్పత్రిలోనే కావాలని డాక్టరమ్మ తేల్చింది.

నా భార్య రెండు నెలలు సంగటిముద్ద కొలిచి తినింది. అవ్వ బెల్లం కుండను పక్కింటికి కాపురం పంపింది.

హిందూపురంలోనే మగబిడ్డ పుట్టాడు. ఏడు పౌన్లు. అవ్వ అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమబ్బా, ఇంత సన్నంగా ఉండాడు" అని నామీద పడింది.

"కనింది నేను కదవ్వా" అంది మంచం మీంచి నా భార్య. "నాకు ఈ మాత్రం చాలు."