ఏడుబండల సీమలో ఒక లోపం

మణికొండలో మా అపార్ట్‌మెంట్ వెనక మిగిలిన ఒక్క బండనూ ఈ వారం తొలుస్తున్నారు. కిటికీలు ఎంత బిగించినా రాతిపొడి వాసన లోపలికి వస్తూనే ఉంది. పొద్దున బీరువా తుడుస్తుంటే ఆ పొడి గొంతులో పడి దగ్గు వచ్చింది, దగ్గుతోపాటే వెంకటరత్నం గారు గుర్తొచ్చారు. తొంభైల చివర మాదాపూర్‌లో మా ఆఫీసు కిటికీలోంచి రోజూ ఇదే వాసన వచ్చేది. మధ్యాహ్నం సైరన్ మోగేది, బండ పేలేది, మా కంప్యూటర్ల మీద సన్నటి పొడి రాలేది. ఆయన చేతిరుమాలుతో ముందు నా కీబోర్డు తుడిచి, తర్వాత తనది తుడుచుకునేవారు.

ఆయన మా టెస్టింగ్ విభాగానికి పెద్ద. కాకినాడ వైపు మనిషి. నిన్నగాక మొన్న చేరినవాళ్లను కూడా అండీ అనే పిలిచేవారు. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం మా పని. తప్పు దొరికితే ఒక ఫారం నింపాలి: లోపం ఏమిటి, ఎంత తీవ్రమైనది, బాధ్యులెవరు. వాళ్లు సరిచేశాక, పట్టుకున్న మనిషే మళ్లీ పరీక్షించి, ఫారం మూసేసినట్టు సంతకం చేయాలి. నేను ఫారాలు బాగా నింపేదాన్ని. నోరు మాత్రం విప్పేదాన్ని కాదు. మా నాయనకు చందానగర్ బజార్లో సైకిళ్ల దుకాణం. నా మాట ఆ దుకాణం మాట. చేరిన మొదటి వారం మీటింగులో "గట్ల గాదు" అన్నందుకు నలుగురు ముసిముసిగా నవ్వారు. ఇక ఆ తర్వాత తల ఊపడంతోనే కాలక్షేపం చేశాను.

శనివారం ఒంటిపూట ఆఫీసు. భోజనాలయ్యాక ఆయన మాలో నలుగురిని కూర్చోబెట్టుకుని, బెంగళూరులో నేర్చుకున్న ఒక ఆట ఆడించేవారు. ఒక్కొక్కరం ఒక మనిషిని కల్పించి, ఆ మనిషి బలమూ బలహీనతా కాగితం మీద రాసుకోవాలి. ఆయన కథ చెబుతుంటే ఆ మనిషిగా మనం మాట్లాడాలి, నిర్ణయాలు తీసుకోవాలి. ప్రమాదం ఎదురైతే గవ్వలు వేసి ఫలితం తేల్చేవాళ్లం. ఆటలోని లోకం మాత్రం ఆయన సొంతం. రెండంచులా చిల్లులున్న ప్రింటర్ కాగితం వెనక, కిటికీలోంచి కనిపించే బండలను చూసి ఆయనే గీసిన ఏడుబండల సీమ. బయట ఒక బండ పోయినప్పుడల్లా పటంలో దాని మీద ఒక ఊరు కట్టేవారు.

"మీ మనిషి ఎవరి బిడ్డండీ? ఏం తిని పెరిగింది?" అని అందరినీ అడిగినట్టే నన్నూ అడిగారు. నేను రాసి చూపించాను. పేరు నీలి. విలుకత్తె. జొన్నరొట్టె తిని పెరిగింది. మూగది. ఆఖరి మాట దగ్గర ఆయన ఆగి, నా ముఖంలోకి చూశారు. తర్వాత మిగతావాళ్లతో, నీలి చేతులు చూడకుండా ఎవరూ అడుగు వేయవద్దని చెప్పారు. అలా కొన్ని నెలలు సైగలతోనే ఆడాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒక శనివారం మేం కోట గుమ్మం దగ్గరికి చేరాం. ఆయన గొంతులు మార్చడంలో దిట్ట. రాజులకు ఒక గొంతు, శెట్లకు ఒక గొంతు. ఆరోజు కాపలావాడి గొంతుతో, "ఏందివయా, ఏడికెల్లి వస్తున్రు? జర సంచులు ఈడ పెట్టి పోన్రి" అన్నారు. కాపలావాడు దొంగ. అందరూ పడీ పడీ నవ్వారు. అచ్చం మా నాయన మాట అది. దుకాణంలో గిరాకీని పలకరించే మాట. గవ్వలు కింద పెట్టి అనేశాను:

"సార్, మీ లోకంల మా లెక్క మాట్లాడెటోళ్లంత దొంగలేనా? ఒక్క రాజు గూడ మాట్లాడడా?"

ఆ బల్ల దగ్గర నేను మాట్లాడిన మొదటి మాటలవే. ఆయన నవ్వు ఆగిపోయింది. పటం మడిచి, ఈ రోజుకు చాలన్నారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆదివారమంతా అన్నం సయించలేదు. నాయనకు చెబితే ట్యూబుకు పంక్చర్ వేస్తూనే, "నువ్వు తప్పు మాట్లాడలే. ఫికర్ జెయ్యకు" అన్నాడు.

సోమవారం నా బల్ల మీద ఒక ఫారం ఉంది. ఆయన దస్తూరీ. లోపం: ఏడుబండల సీమలో తెలంగాణ మాట మాట్లాడేవాళ్లు పదకొండు మంది, వాళ్లలో దొంగలు, తాగుబోతులు, కాపలావాళ్లు తప్ప మరొకరు లేరు. తీవ్రత: అత్యధికం. పట్టుకున్నది: పద్మ, అంటే నేను. బాధ్యుడు: వెంకటరత్నం. నేను తలెత్తేసరికి ఎదురుగా నిలబడి ఉన్నారు. "కావాలని చేయలేదండీ. చేతికి అలా వచ్చేసింది. అసలు తప్పు అదే" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఒక పెద్దమనిషి నా ముందు అలా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

ఆ సీమకు ఒక న్యాయాధికారిని కల్పించమని నన్నే అడిగారు. మా నాయనమ్మ మాటతో ఒక ముసలమ్మను తయారుచేసి, ఆమె తీర్పులు నేనే చెప్పాను. ఆయన కూడా ఊరూరా మనుషులను తిరగరాశారు. ఫారం మూసేస్తారా అని అప్పుడప్పుడు అడిగేవారు. ఇంకొంచెం చూడాలి సార్ అని బెట్టు చేసేదాన్ని. ఆయన అలా అడగడం నాకు ఇష్టంగా ఉండేది.

ఏడాది తిరక్కుండానే ఆయన జబ్బుపడ్డారు. ఇక లాభం లేదని తెలిశాక ఫారమూ కలమూ తీసుకుని ఆసుపత్రికి వెళ్లాను. ఇన్నాళ్లు ఆపినందుకు నా మీద నాకే కోపంగా ఉంది. సంతకం పెట్టబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"నీలి ఇంకా మూగదే కదండీ. పరీక్షించకుండా ఎలా మూస్తారు?"

నిజమే. ముసలమ్మ చేత మాట్లాడించాను గానీ నీలిని అలాగే వదిలేశాను. మంచం పక్కన నిలబడి, నర్సు వింటున్నా సరే, చెప్పాను:

"నా పేరు నీలి. నేను మూగదాన్ని గాదు. ఇన్నొద్దులు మీరు నవ్వుతరని మాట్లాడలే."

ఆయన కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత చెయ్యి తీసి, "ఇప్పుడు పెట్టండి" అన్నారు. పెట్టాను. పది రోజులకు ఆయన పోయారు.

ఇందాక బీరువాలో ఆ ఫారం మీది పొడి తుడిచి మళ్లీ అక్కడే పెట్టాను. ఇప్పుడు నా కింద ముప్పై మంది పనిచేస్తారు. కొత్తగా చేరినవాళ్లలో ఒకరిద్దరు మీటింగులో తల ఊపుతూ కూర్చుంటారు. వాళ్ల దగ్గర చెప్పడానికేమీ లేదని నేనెప్పుడూ అనుకోను. అందరూ వెళ్లిపోయాక కుర్చీ వాళ్ల పక్కకు లాక్కుని, ఏం తిని పెరిగావు అని అడుగుతాను.