దాక్కున్న ఫైలును ఆగయ్య పట్టుకున్న వైనం

ఆగయ్య ముప్పై ఏళ్లు బొగ్గుగని మొగదల తనిఖీ డ్యూటీ చేశాడు. దిగేవాళ్ల జేబులూ టిఫిను డబ్బాలూ తడిమి బీడీలు, అగ్గిపెట్టెలు పట్టుకునేవాడు. ఏదైనా దాగి ఉందంటే అందులో తప్పున్నట్టే అని ఆయన లెక్క. రిటైరై, సెంటినరీ కాలనీలో కొడుకు సంపత్ క్వార్టర్‌కు వచ్చాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. భార్య సారవ్వ కూరగాయలు తెస్తే సంచీ అడుగుదాకా చూసేవాడు.

ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉంది. పెన్ డ్రైవ్‌తో వచ్చిన వైరస్ మనవరాలి ఫొటోలను కనబడకుండా చేస్తే, శనివారం మెకానిక్ ఇస్హాక్ వచ్చి, దాగినవన్నీ కనబడేట్టు పెట్టి వెళ్లాడు. ఆదివారం పొద్దున అందరూ బయటికి పోగానే ఆగయ్య తనిఖీకి కూర్చున్నాడు. ఎన్‌టీఎల్‌డీఆర్ అని నోరు తిరగని పేరుతో ఒక ఫైలు కనిపించింది. మిగతావాటికంటే పాలిపోయి ఉంది. తప్పుచేసి దొరికినవాడి మొహం ఇట్లాగే ఉంటుందనుకున్నాడు. తీసేయబోతే, ఇది సిస్టం ఫైలు, నిజంగా తీసేయాలా అని కంప్యూటర్ అడిగింది. దొరికినవాడు బతిమాలుతున్నాడనుకుని ఇంకా గట్టిగా నొక్కాడు.

సోమవారం కంప్యూటర్ లేవలేదు. నల్లటి తెర మీద ఒకే ఒక్క ఇంగ్లీషు ముక్క: ఎన్‌టీఎల్‌డీఆర్ లేదని.

"నువ్వేమన్న గెలికినవా?" అంది సారవ్వ.

"నేనెందుకు గెలుకుత? ఇస్హాక్ విప్పిపోయిండు. లోపలి సామాను మార్చిండు."

అక్కడితో ఆగితే బాగుండేది. కాలనీ క్లబ్బు కంప్యూటర్లు ఎవరు చూసుకోవాలో ఆ సాయంత్రమే తేల్చబోతున్నారు. ఇస్హాక్ ఆ పని మీద చాలా ఆశపెట్టుకున్నాడు. ఆగయ్య నేరుగా క్లబ్బు సెక్రటరీ రఘుపతి దగ్గరికి పోయి, "వానికి ఇయ్యకుర్రి, చెయ్యి మంచిది కాదు" అని చెప్పొచ్చాడు. మధ్యాహ్నానికల్లా ఆ మాట ఇస్హాక్ చెవిన పడింది. సీడీ పట్టుకుని వచ్చాడు.

"కాకా, నేనేం మార్చిన్నో చూపెట్టు."

"నువ్వే చూడు. దొంగకు తెల్వదా!"

ఇస్హాక్ సీడీ నుంచి ఏదో ఎక్కించాడు. కంప్యూటర్ లేచింది. తర్వాత తెరమీద, తీసేసిన ఫైళ్లు చేరే చెత్తబుట్ట తెరిచాడు. అందులో ఎన్‌టీఎల్‌డీఆర్ పడి ఉంది. పక్కన తీసేసిన సమయం: ఆదివారం, పది ఇరవై.

"ఆదివారం పదింటికి ఇంట్ల ఎవలున్నరు కాకా?"

వంటింటి గుమ్మంలోంచి సారవ్వే అంది: "ఈయనే."

ఇస్హాక్ ఆ ఫైలు పేరు మీద వేలు పెట్టాడు. "గనిల షిఫ్టుకు ముందుగాల సర్దార్ దిగి, గ్యాసు చూసి వస్తేనే గద, మిగిలినోళ్లు దిగేది? గీ మిషన్ల గీడే సర్దార్. వీడు లేకుంటే ఇంకెవ్వడు లేవడు."

"మరి దాక్కునుడెందుకు?"

"మీ అసొంటోళ్ల చెయ్యి తగులొద్దని దాసిండ్రు."

సాయంత్రం మీటింగులో ఇస్హాక్ పేరు రాగానే రఘుపతి గొంతు సవరించుకుని ఆగయ్య వైపు చూశాడు. అందరూ చూశారు. ఆగయ్య లేచి, కుర్చీ వెనక్కి జరిపి, మళ్లీ ముందుకు జరిపాడు.

"ఇస్హాక్ తప్పేం లేదు. నేనే తీసేసిన. తీసేసి వానిమీద పెట్టిన."

ఎవరో కిసుక్కుమన్నారు. పని ఇస్హాక్‌కే ఇచ్చారు. ఏమన్నా చెప్పుకుంటావా అని రఘుపతి అడిగితే, అతను చాలా మర్యాదగా లేచాడు.

"ఒక్కటే సార్. గా కంప్యూటర్ల గది తాళంచెవి ఆగయ్య కాకకు ఇయ్యకుర్రి."